బూడిదకి తొందరేమిటి

మా పంతులమ్మగారు పోయారు. మృగశిర కార్తె వచ్చినా ఒక్క చినుకు రాలని ఆ పాడు ఎండలో, మిట్టమధ్యాహ్నం తలాబు చెరువు గట్టు మీంచి ఇంటికొస్తూ దారిలోనే కూలబడ్డారు. నలుగురూ మోసుకొచ్చి బడి వరండాలో మంచం వేసి పడుకోబెట్టారు. వడదెబ్బ అన్నారు డాక్టరుగారు. పొద్దుగూకేసరికి అయిపోయింది.

దినాలు కాగానే మన తెలుగు సంఘం సెక్రటరీగారు మా గుమ్మంలోకొచ్చి, "పక్క క్వార్టరులో ఉన్నదానివి, నాలుగక్షరాలు వచ్చినదానివి. మన సంచికకి ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాసిపెట్టమ్మా" అన్నారు. సరే అన్నాను. రాస్తున్నాను. ఆవిడ గురించి మంచి మాటలకి కొదవ లేదు. మన గురించే లేవు. చదువుతూ చదువుతూ ఎవరికైనా ఒళ్ళు మండితే మండనివ్వండి, నాకు మండుతూనే ఉంది.

ఆవిణ్ణి ఎరగనివాళ్ళకి ముందు చెప్పాలి. రాయపూరు రైల్వే క్వార్టర్లలో మనవాళ్ళు పెట్టుకున్న తెలుగు బడికి ఆవిడే పంతులమ్మ. సొంతూరు విజయనగరం. చిన్నతనంలోనే భర్త పోతే అత్తవారి వంటింట్లో మగ్గిపోకుండా ట్రైనింగు చదివి, రైలెక్కి ఇంత దూరం వచ్చేశారు. ఇక్కడి గార్డుల పిల్లలకీ ఫైర్‌మన్ల పిల్లలకీ ఓనమాలు దిద్దించింది ఆవిడే. లేకపోతే మన గుంటలకి 'అమ్మా, పానీ దే' అనడమే తెలుగైపోయేది.

మా రెండిళ్ళకీ నడుమ ఒకటే గోడ. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఆవిడ ఎవర్నో ఒకర్ని తిట్టుకోవడం వింటేగాని నాకు తెల్లారేది కాదు. పాఠం చెబుతున్నంతసేపూ వేయించిన చింతపిక్క బుగ్గన ఉండాల్సిందే. పిల్లాడు తప్పు చదివితే ఆ పిక్క కటుక్కున కొరికేవారు. ఇంక బెత్తంతో పని ఉండేది కాదు, వాడే దిద్దుకునేవాడు. పేరంటాలకి మనవాళ్ళు ఆవిణ్ణి పిలిచేవారు కారు. ఎందుకు పిలవరో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. "పిలవకపోతే పీడాపోయింది, ఆ నానబెట్టిన శనగలు నాకెలాగూ పడవు" అని గోడ మీంచి నాతో అనేవారు. నేను నవ్వేదాన్ని గాని, శనగలు పడకపోవడమేమీ లేదు. నేను తెచ్చి పెడితే తినేవారు.

ఇంకో అలవాటు ఉంది. ఎక్కడ నీళ్ళు కనిపించినా మోచెయ్యి ముంచి చూసేవారు. పసిపిల్లకి నీళ్ళు పోసేముందు వేడి చూసుకోడానికి మనం ముంచుతాం చూడండి, అలాగ. బావి దగ్గర, కుళాయి తొట్టి దగ్గర, మా ఇంటి గంగాళం దగ్గర కూడా. పిల్లల్ని కన్న మనిషి కాదు. ఆ అలవాటు ఆవిడకి చేపల దగ్గర పట్టుబడింది. అదే చెబుతాను.

మన క్వార్టర్ల వెనకాల నాలా ఉంది. ఉస్నా బియ్యం, అదే మన ఉప్పుడు బియ్యం, చేసే మిల్లు పక్కనుంచి వచ్చి, మన పెరళ్ళు రాసుకుంటూ పోయి తలాబులో పడుతుంది. పడేచోట నీళ్ళు మోకాలి లోతు. అవతలి పొలాల నీరు కూడా అక్కడికే దిగుతుంది. మొదటి పెద్దవాన పడి ఆ పల్లం నిండగానే, తలాబులోని రోహూ చేపలన్నీ గుంపుకట్టి అక్కడికొచ్చి గుడ్లు పెడతాయి. యేడాదికంతటికీ వాటికి అదొక్కటే అదను. తెల్లారి చూస్తే గడ్డి మొదళ్ళలో గుడ్లే గుడ్లు. ఉడికిన సగ్గుబియ్యంలాగ లోపలంతా కనపడిపోతూ, కాస్త ఎరుపు తగిలి ఉంటాయి.

సరిగ్గా ఆ వానకే మనం ఏం చేస్తాం? సిగిడీ కుంపట్లలో కాల్చిన బొగ్గు బూడిద యేడాది పొడుగునా పెరట్లో కుప్పపోస్తాం. రైల్వేవాళ్ళం, మనకి బొగ్గుకి కరువు లేదు, కాబట్టి బూడిదకీ లేదు. మొదటివాన ఎప్పుడు పడుతుందా అని కాచుక్కూచుని, పడగానే బుట్టలకెత్తి నాలాలో దిమ్మరిస్తాం. తొలకరికి ఒప్పజెప్పడం అంటాం దాన్ని, అదేదో నోమైనట్టు. ఎవరి పెరడు ముందు శుభ్రమైతే వాళ్ళు ఆ వేళ గొప్పవాళ్ళు. మిల్లువాళ్ళదీ అదే వరస. ధాన్యం నానేసిన హౌజు తొట్ల అడుగున పులిసిన నీళ్ళూ, ఉడకేసిన వేడినీళ్ళూ అన్నీ అట్టేపెట్టి, ఆ వానకే తూముకి అడ్డం పెట్టిన చెక్క ఎత్తి నాలాలోకి వదుల్తారు. వాన కడిగేస్తుంది కదా అని అందరికీ ధీమా. కడిగి ఎక్కడ పెడుతుందో ఎవరూ అడగలేదు. పంతులమ్మగారు అడిగారు.

బిసాహిన్ అని కేవటిన్, అంటే బెస్తల మనిషి, ఒకత్తి ఉంది. ఆ తలాబు చేపల మీదే బతికే మనిషి. తొలివానకి ఆ గుడ్లు ఎత్తి, పల్చటి గుడ్డని నాలుగు కర్రలకి తొట్టిలాగ కట్టి, నీళ్ళలోనే అందులో పిల్లలు చేయించేది. కాస్త ఎదిగాక మందిర్ హసౌద్ వైపు చెరువులున్న ఆసాములకి అమ్ముకునేది. ఓ యేడు పాతచీర అడుక్కోడానికి పంతులమ్మగారి గుమ్మం ఎక్కింది. ఆవిడవన్నీ తెల్లచీరలే, ఉతికి ఉతికి దోమతెరంత పల్చనైపోయినవి. "చీర దేనికే?" అని అడిగారు. సంగతి విన్నారు. చీరతోపాటు ఆవిడ కూడా వెళ్ళిపోయారు.

ఆ వేళే ఇత్తడి బిందెడు నీళ్ళలో గుడ్లు తెచ్చి బడి వరండాలో పెట్టారు, పిల్లలకి చూపిద్దామని. పొద్దున్న పిల్లలంతా మూగి చూశారు. గుడ్డు లోపల సన్నటి పోగులాంటిది కదులుతుంటే మా చిన్నమ్మాయి ఇంటికి పరిగెత్తుకొచ్చి నన్ను లాక్కెళ్ళింది. మధ్యాహ్నానికి ఎండ వరండాలోకి జరిగింది. బిందె కాలింది. గుడ్లన్నీ తెల్లబడి అడుక్కి దిగిపోయాయి. ఇంకొకరైతే గుట్టుచప్పుడు కాకుండా పారబోసి ఊరుకుందురు. ఆవిడ పిల్లల్ని మళ్ళీ పిలిచి బిందె చుట్టూ నిలబెట్టారు.

"చూడండర్రా, వీటిని నేనే చంపాను" అన్నారు. "నీళ్ళుంటే చాలనుకున్నాను. చాలదు. గుడ్డు కూడా ఊపిరి పీలుస్తుంది. నీళ్ళు వేడెక్కితే అందులో గాలి తగ్గిపోతుంది. పైన బురద పేరుకున్నా, బూడిద కప్పినా అంతే. మనమైతే నీడకి పరిగెడతాం. దీనికింకా తోకైనా రాలేదు, ఎక్కడికి పోతుంది?"

ఆ వేళ మా చిన్నది అన్నం తినలేదు. పంతులమ్మగారూ తినలేదని తర్వాత తెలిసింది. మోచెయ్యి ముంచడం ఆ మర్నాడు మొదలైంది.

తర్వాత ఓసారి నన్ను కూడా ఆ పల్లం దగ్గరికి తీసుకెళ్ళారు. నాకేమీ కనపడలేదు, నీళ్ళూ గడ్డీ తప్ప. "వంగు" అన్నారు. వంగాక కనిపించాయి. "బతికున్న గుడ్డు నీళ్ళలో నీళ్ళైపోయి ఉంటుంది, వంగితేగాని అయిపు దొరకదు. చచ్చింది మాత్రం గట్టు మీంచే తెల్లగా కనిపిస్తుంది" అన్నారు. చేపల సంగతే చెబుతున్నారనుకున్నాను అప్పుడు.

ఇదంతా చేపల మీద దయాదాక్షిణ్యమని ఎవరైనా రాస్తే నమ్మకండి. ఆవిడకి చేపల పులుసంటే ప్రాణం. ముల్లు తీసుకోవడంలో ఆవిడంత నేర్పు నాకు లేదు. "ప్రేమేమిటే, పులుసులో ఉంటే ప్రేమే. తినడానికైనా ముందు అదంటూ ఉండాలి కదా" అనేవారు. ఆవిడ బాధ వేరు. ఊరికే, ఏ లాభమూ లేకుండా, కాస్త ఓపిక పట్టలేక ఒకదాన్ని చంపడం ఆవిడకి సహించేది కాదు. అది ఆవిడకి లెక్క తప్పు చేసిన పిల్లాడి పలకలాగ కనిపించేది. దిద్దేదాకా ఊరుకోలేరు.

అప్పణ్ణించి యేటా ఎండలు ముదిరేసరికి ఇంటింటికీ తిరిగేవారు. అడిగిందల్లా ఒక్కటే. "బూడిద పొయ్యొద్దనను. వాన పడ్డాక ఒక్కరోజు ఆగండి. ఒక్క పగలూ ఒక్క రాత్రీ. ఈలోగా పిల్ల బయటికొచ్చేస్తుంది. అప్పుడు దాని తోక దానికుంటుంది, దాని దారి అది చూసుకుంటుంది. బూడిదకి తొందరేమిటి, అదెక్కడికి పోతుంది?"

మనవాళ్ళు ఏమన్నారో నాకు గుర్తే. గోడ ఇవతలే ఉన్నాను కదా. "గుడ్డుకి ఊపిరేటి, పంతులమ్మకి మతి చలించింది" అన్నదొకావిడ. "పిల్లాజెల్లా లేని మనిషి, చేపపిల్లల్ని పెంచుకుంటోంది పాపం" అన్నదింకొకావిడ. ఆ 'పాపం' అన్నమాట మరీ. మరొకావిడ, "ఒక్కరోజు ఆగి, రేపు వాన పడకపోతే మా బూడిద నువ్వు మోస్తావా?" అంది. మోస్తానన్నారు. మోశారు కూడా. మోయించుకున్న ఇళ్ళు ఏవో నేను రాయను, వాళ్ళే గుర్తుచేసుకుంటారు. నడుం పట్టేసి ఆవిడ మంచాన పడితే అదీ నవ్వులాటే అయింది మనకి.

మిల్లుకీ వెళ్ళేవారు. అక్కడ లెక్కలు చూసే మునీం పెద్దమనిషి. కుర్చీ వేయించేవాడు, చాయ్ ఇప్పించేవాడు. "హో జాయేగా, బహెన్‌జీ, హో జాయేగా" అనేవాడు, అయిపోతుందిలెండి అని. వాన పడగానే అందరికంటే ముందు ఎత్తేది వాళ్ళ చెక్కే.

ఓ యేడు జరిగింది చెప్పకపోతే ఈ రాత అబద్ధమైపోతుంది. వాన పడింది, చేపలొచ్చాయి, గుడ్లు పెట్టాయి. పొద్దెక్కేసరికి నాలాలో మన బూడిదా మిల్లు వేడినీళ్ళూ కలిసి దిగాయి. మధ్యాహ్నానికి ఆ పల్లమంతా తెల్లగా తేలింది. బిసాహిన్ తొట్టిలోనూ అంతే. ఆ సాయంత్రం సంఘం మీటింగు. ఏకాదశి కూడాను, అందరికీ సగ్గుబియ్యం పాయసం దొన్నెల్లో పంచుతున్నారు. పంతులమ్మగారు తలాబు దగ్గర్నుంచి తిన్నగా వచ్చి, చేతిలోని దొన్నె తీసుకెళ్ళి సెక్రటరీగారి ముందు పెట్టారు. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ, ప్రసాదమనుకుని, భక్తిగా కళ్ళకద్దుకుని నోటిదాకా తీసుకెళ్ళారు.

"తినకండి బాబూ, అవి చచ్చిన గుడ్లు" అన్నారు ఆవిడ. "సగ్గుబియ్యం ఉడికితే పాయసం. ఇవి ఉడికితే శవాలు. పొద్దున్న మీ ఇంటి వెనక నాలాలో ఉడికాయి."

నవ్వకుండా ఉన్నవాళ్ళు లేరు. సెక్రటరీగారొక్కరే నవ్వలేదు. ఆ నవ్వే ఆవిడ కొంప తీసింది. ఆ దొన్నె తీసి అవతల పెట్టి, "ఏటమ్మా ఇది, ఇక్కడ మనకి శ్మశానానికి దారి లేదు, బడికి కప్పు లేదు, ఒక్క చేప గుడ్డు కోసం కాలనీ కాలనీ అంతా ఒక్కరోజు ఆగాలా?" అన్నారాయన. ఆగాలి అన్నారావిడ. ఇంక ఆ మీటింగులో ఆవిడ మాట వినేవాడు లేకపోయాడు. అక్కణ్ణించి ఎవరు ఎదురైనా, "పంతులమ్మగారూ, పాయసం ఉందా?" అనేవారు.

ఆ రోజు ఇంటికి నడిచొస్తూ నాతో ఒక మాటన్నారు. కోపంతో అన్నారు, కన్నీళ్ళేమీ లేవు. "ఇన్నేళ్ళూ వీళ్ళ బూడిదతోనే చచ్చాను. నన్ను తగలేశాక నా బూడిదైనా అందులో పొయ్యనివ్వకు. ఇప్పటికి పోసింది చాలు."

నిరుడు కూడా గుడ్లు పోయాయి. వానకి ముందే ఇంటింటికీ వెళ్ళొచ్చారు, అందరూ తలూపారు, అందరూ పోశారు. నేనూ వెళ్ళాను ఆ పల్లానికి. బిసాహిన్ నీళ్ళలో చెయ్యి పెట్టి, "పానీ తాత్ హే, బహెన్‌జీ" అంది. నీళ్ళు వేడిగా ఉన్నాయని. పంతులమ్మగారు మోచెయ్యి ముంచి, చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకున్నారు. తన తెల్లచీర తొట్టిలో తెల్లటి గుడ్లు పేరుకుని ఉన్నాయి. బిసాహిన్ కర్రలు పీకేసింది. ఇంక ఈ బతుకు వద్దు, టాటానగర్ పోయి మట్టి మోసుకుంటానంది. "ఇంకొక్క యేడు చూడు. నా మాట విని ఇంకొక్క యేడు" అని పంతులమ్మగారు దాని చెయ్యి పట్టుకున్నారు. అది ఆగింది. మన తెలుగువాళ్ళెవరూ ఆగని చోట ఆ కేవటిన్ ఆగింది.

కాబట్టి ఈ యేడాది ఆవిడకి చావోరేవో అయిపోయింది. గుడ్లు ఈసారీ పోతే బిసాహిన్ ఉండదు. అది పోతే ఆ పల్లాన్ని పట్టించుకునేవాళ్ళు ఇంకెవరూ ఉండరు. అందుకే ఆ ఎండలో మిల్లుకి వెళ్ళారు. మునీం భోజనానికి కూచున్నాడు, గేటు దగ్గర ఆగమన్నారు. ఈసారి కుర్చీ లేదు, నీడ లేదు. ఎంతసేపు ఆపారో నాకు తెలీదు. వాళ్ళని ఒక్కరోజు ఆగమని అడగడానికెళ్ళిన మనిషిని వాళ్ళు ఎండలో ఆపారు. ఆఖరికి ఏం చెప్పారో తెలుసా? "హో జాయేగా" అన్నారట. అక్కణ్ణించి తలాబు గట్టు మీదుగా వస్తూ పడిపోయారు. పడిపోయినప్పుడు ఆవిడ కుడి మోచెయ్యి తడిగా ఉందని మోసుకొచ్చినవాళ్ళు చెప్పారు.

తమ్ముడుగారు విజయనగరం నుంచి మర్నాటికి అందుకున్నారు. ఆయనే తలకొరివి పెట్టారు. శ్మశానం తలాబుకి అవతలి ఒడ్డున. చితి ఇలా ఆరిందో లేదో ఆకాశం విరుచుకుపడింది. అన్నాళ్ళూ రాని వాన, ఆవిడ కాలేదాకా చూసి వచ్చినట్టు వచ్చింది. దేవుడి మీద కూడా నాకు కోపమే, అది వేరే రాస్తాను.

పొద్దున్నే బిసాహిన్ మా పెరటి తలుపు దగ్గర నిలబడింది. "మఛరీ మన్ అండా దే డారిన్" అంది. చేపలు గుడ్లు పెట్టేశాయి. మొహంలో సంతోషమూ లేదు, ఏడుపూ లేదు. "అబ్ కా హోహీ?" అంది. ఇప్పుడేమవుతుంది. మాకు ఇటుపక్క ఇంటివాళ్ళ పెరట్లోకి చూశాను. బూడిద బుట్టలు నింపి గోడకి ఆనించి ఉన్నాయి. చావింటి పక్కనే కదా అని కాస్త మొహమాటపడి, శవం బూడిద ఎత్తేదాకా ఆగారంతే.

నేను గట్టు మీదికి వెళ్ళేసరికి వాళ్ళు వస్తున్నారు. తమ్ముడుగారి చేతుల్లో అస్థికల కుండ, వెనక పురోహితుడు, సెక్రటరీగారు, ఇంకా నలుగురు. తిన్నగా నాలా పడే పల్లానికే వస్తున్నారు. రాజిం దాకా వెళ్ళి మహానదిలో కలపాలని ముందు అనుకున్నారట. సెలవు లేదు, చిన్న రైలు ఎప్పుడొస్తుందో తెలీదు. "రాజిం దాకా ఎందుకండీ, ఆవిడకి ప్రాణమైన తలాబు ఇక్కడే ఉండగా" అని సెక్రటరీగారే సలహా ఇచ్చారట. ఎంత బాగా గుర్తుందో చూడండి ఆయనకి, ఆవిడకి ఏది ప్రాణమో.

నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. "అందులో కలపకండి" అన్నాను.

"ఆడదానివి, ఇక్కడికి రాకూడదమ్మా" అన్నారు సెక్రటరీగారు.

"వచ్చేశాను. ఇంక రాకూడదంటే ఎలా? ఆ నీళ్ళలో గుడ్లున్నాయి. ఒక్కరోజు ఆగండి."

"మళ్ళీ మొదలా" అన్నాడు వెనకనుంచి ఎవరో. అస్థికలు ఇంటికి తీసుకెళ్ళకూడదు, చేతిలో పట్టుకుని ఎక్కడా నిలబడకూడదు, ఇదేం విడ్డూరం అని తలో మాటా అన్నారు. నాకు ఒళ్ళు తెలీలేదు. ఏం మాట్లాడానో అంతా గుర్తులేదు. "బతికున్నప్పుడు అడిగినా లేదు, చచ్చాక అడిగినా లేదా? మీ బూడిదతో ఆవిణ్ణి చంపింది చాలక ఆవిడ బూడిదతో వాటిని చంపుతారా?" అన్నాననుకుంటాను. తమ్ముడుగారు నా వంక చూసి, "మా అక్క ఏమైనా చెప్పిందామ్మా?" అన్నారు. చెప్పారన్నాను. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన నీళ్ళ వంక చూశారు. "ఏమీ లేదే ఇక్కడ" అన్నారు.

"వంగండి" అన్నాను.

కుండ ఛాతీకి ఆనించుకుని, ఆయన గట్టు అంచున గొంతుక్కూచుని వంగారు. కనిపించాయి ఆయనకి. లేచాక మొహం తుడుచుకుని పురోహితుణ్ణి అడిగారు. ఆయన మంచివాడు, తగువుల్లోకి రాడు. వెంటనే కలపలేనప్పుడు చెట్టుకొమ్మకి కట్టి ఉంచడం మనలో ఉన్నదే, దోషం లేదన్నాడు. నాలా నీళ్ళలోకి వంగిన తుమ్మచెట్టు ఉంది అక్కడ. బిసాహిన్ వల తాడు ఇచ్చింది. తమ్ముడుగారు కుండ మూతికి గుడ్డ బిగించి, ఆ తాడుతో కొమ్మకి కట్టారు. కుండ సరిగ్గా నాలా మీద వేలాడింది.

నేను ఆ చెట్టు కిందే కూచున్నాను. ఆ తర్వాత జరిగింది నా కళ్ళతో చూసింది.

మొదటి బూడిద బుట్ట కాసేపటికే వచ్చింది. ఎవరి ఇంటి బుట్టో మీకనవసరం. నెత్తిన బుట్టతో ఆ ఇల్లాలు నాలా దగ్గరికొచ్చి, తలెత్తి కుండ చూసి, అక్కడే నిలిచిపోయింది. నా వంక చూసింది. బుట్టతో సహా వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళి ఏం చెప్పిందో గాని, ఇంకొకావిడ సందు చివరిదాకా వచ్చి చూసి అట్నించటే పోయింది. అస్థికలు వేలాడుతున్న చోట ఇంటి బూడిద దిమ్మరిస్తే ఆ ఇంటికేమవుతుందో మనవాళ్ళకి బాగా తెలుసు. చేపగుడ్డుకి ఊపిరుంటుందంటే నమ్మనివాళ్ళు, కుండలో బొమికలకి చూపుంటుందంటే చప్పున నమ్మేశారు.

మిల్లులో చెక్క ఎత్తే మనిషి కూడా వచ్చాడు. నాలా నిండి పొంగకుండా ముందు కిందివైపు చూసుకోవడం వాళ్ళ అలవాటు. కుండ చూసి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టి పోయాడు. తర్వాత మునీం గొడుగేసుకుని తనే వచ్చాడు. అతనూ దణ్ణం పెట్టాడు. "కబ్ తక్ రహేగా యే?" అని మెల్లిగా అడిగాడు. రేపటిదాకా, కల్ తక్ అన్నాను. "హో జాయేగా" అన్నాడు. ఈసారి అయింది. ఆ రోజు చెక్క లేవలేదు.

ఎండ రాలేదు, సన్నటి జల్లు పడుతూనే ఉంది. బిసాహిన్ పంతులమ్మగారి ఆఖరి పాతచీరని నీళ్ళలో నాలుగు కర్రలకి కట్టి, గుడ్లు ఎత్తి అందులో వదిలింది. ఉండుండి మోచెయ్యి ముంచి చూస్తోంది. ఎవరి దగ్గర నేర్చుకుందో అడగాలా?

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి అది చీర అంచు పట్టుకుని కూచుని ఉంది. నన్ను చూసి జరిగింది. వంగాను. సన్నటి వెంట్రుక ముక్కల్లాగ, ఒక్కోటీ ఉలిక్కిపడ్డట్టు కదులుతోంది. ఒకటీ రెండూ కాదు. చీరంతా కదులుతోంది. బయట గడ్డిలో కూడా. ఇన్నేళ్ళలో పంతులమ్మగారు పల్లమంతా ఇలా కదలడం ఒక్కసారీ చూడలేదు. నాకు దుఃఖం వస్తుందనుకున్నాను. రాలేదు. కోపం వచ్చింది.

తమ్ముడుగారు వచ్చి ఆ పిల్లల్ని చూశారు. కుండ విప్పుకుని, సెలవు పోతే పోయిందని రాజిం చిన్న రైలెక్కారు. బిసాహిన్ ఈ యేడు టాటానగర్ పోదు. ఈ రెండే మంచి మాటలు, సెక్రటరీగారూ, రాసిపెట్టుకోండి.

సంతాపసభలో ఆయన చాలా బాగా మాట్లాడారు. ఆవిడ పటానికి పెద్ద దండ వేశారు. మిల్లు నుంచి కూడా దండ వచ్చింది. "ఆ తల్లి కోరిక మన్నించి మన కాలనీ యావత్తూ ఒక్కరోజు ఆగింది" అన్నారు, అందరూ తలూపారు. నేను ఆడవాళ్ళ వరసలో కూచుని ఉన్నాను. అప్పుడు లేచి అనాల్సింది, ఇప్పుడు అంటున్నాను. అది అబద్ధం. ఆవిడ కోరిక మన్నించాలంటే అన్నేళ్ళున్నాయి. ఆవిడ మీ గుమ్మాల్లో నిలబడి నోరు నొప్పెట్టేలా అడిగారు. మీరు ఆగింది ఆవిడ మాటకి కాదు, ఆవిడ బొమికలకి. గౌరవించలేదు, భయపడ్డారు. బతికున్నన్నాళ్ళూ ఆవిణ్ణి వంగి చూసినవాళ్ళు ఒక్కరు లేరు. ఇప్పుడు చచ్చిపోయాక గట్టు మీంచే అందరికీ తెల్లగా కనిపిస్తున్నారు.

ఆ ఒక్కరోజు ఎంత సులువో చూశారు కదా. ఎవరి ఇల్లూ కూలలేదు. మర్నాడు మీ బూడిద మీరు పోసుకున్నారు, మిల్లువాళ్ళు చెక్క ఎత్తుకున్నారు. బూడిద ఎక్కడికీ పోలేదు, ఆవిడ చెప్పినట్టే. ఇంత చిన్నదాన్ని ఇవ్వడానికి ఒక మనిషి చావాల్సొచ్చింది. నాకు అదే మింగుడుపడటం లేదు, ఈ జన్మకి పడదు కూడాను. మళ్ళీ యేడు మృగశిర వస్తుంది, వాన వస్తుంది, చేపలొస్తాయి. అప్పుడు ఎవరి అస్థికలు కట్టమంటారు?

నేను చూసుకుంటాను లెండి. ఆ తుమ్మకొమ్మకి తాడు అలాగే ఉంది, విప్పనివ్వలేదు. మొన్న కుమ్మరి దగ్గర అలాంటి కుండే ఇంకొకటి కొన్నాను. ఆవిడ తెల్లచీర పేలిక ఒకటి మూతికి కట్టి అటక మీద పెట్టాను. వచ్చే తొలకరికి ఆ తాడుకే వేలాడదీస్తాను. అది ఖాళీదని ఇది చదివిన మీకందరికీ తెలిసిపోయింది. తెలియనివ్వండి. వాన పడ్డ మర్నాడు నేను ఆ చెట్టు కిందే కూచుంటాను. ఖాళీ కుండేలే అని, నెత్తిన బూడిద బుట్టతో దాని కిందినుంచి ముందుగా ఎవరు నడుస్తారో చూస్తాను.